ఒక పెట్టెలో పది కంప్యూటర్లు

బళ్ళారిలో గానీ, హోసూరులో గానీ, బరంపురంలో గానీ, షోలాపూరులో గానీ, యానాంలో గానీ ఓ మోస్తరు కాలేజీకో, ఆస్పత్రికో, సహకార సంఘానికో వెళ్ళి "మీ కంప్యూటరు ఎక్కడుంది?" అని అడగండి. బల్లల మీద ఉన్నవాటిని చూపిస్తారు. అసలుది అక్కడ ఉండదు. మెట్ల కిందనో, స్టోరు రూము పక్కనో ఒక చిన్న గది ఉంటుంది. దానికొక ఏసీ, తలుపుకొక తాళం. లోపల ఇనుప చట్రంలో బల్లపరుపుగా ఉండే రేకు పెట్టె ఒకటి రాత్రింబవళ్ళు హోరుమంటూ ఉంటుంది. అదే సర్వరు. విద్యార్థుల మార్కులు, ఫీజు రసీదులు, రోగుల కేసు షీట్లు, సంఘ సభ్యుల వాటాధనం లెక్కలు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఒక్క పెట్టెలో పది కంప్యూటర్లు కాపురం ఉంటున్నప్పుడు దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఏమేమి చూసుకోవాలి అన్నది ఇవాళ్టి విషయం.

ఈ మాటలు ఆ పని చేసేవాళ్ళే కాదు, చేయించుకునే సెక్రటరీలు, ప్రిన్సిపాళ్ళు, డాక్టర్లు కూడా వినాలని నా కోరిక. దస్త్రం పోతే ఎవరికైనా కష్టమే. కానీ రాష్ట్రం సరిహద్దులో ఉన్నవాళ్ళకు ఆ కష్టం రెట్టింపు. చదువు ఒక రాష్ట్రంలో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో, కాగితాలు ఒక భాషలో, మాట ఇంకో భాషలో. తెలుగు మాధ్యమంలో చదివామని రుజువు చూపించాల్సి వచ్చినప్పుడు, ఆ బడి రికార్డు ఉన్న డిస్కు చెడిపోయిందంటే, నకలు కోసం ఎన్ని కచేరీల మెట్లెక్కాలో మీకు నేను చెప్పనక్కరలేదు.

ముందుగా, ఒక పెట్టెలో పది కంప్యూటర్లు ఎలా పడతాయో చెప్పుకుందాం. పాతకాలపు పెద్ద లోగిలి ఒకటి తలచుకోండి. యజమాని దాన్ని వాటాలుగా విడదీసి అద్దెకిచ్చాడు. వాటాకొక తలుపు, వాటాకొక వంటిల్లు, వాటాకొక తాళం. ఈ వాటాలోవాళ్ళకి పక్క వాటాలో ఏం వండుకుంటున్నారో తెలియదు. కానీ పునాది ఒకటే, కప్పు ఒకటే, బావి ఒకటే, కరెంటు మీటరు ఒకటే. సర్వరులో ఇలాంటి వాటాని వర్చువల్ మెషిన్ అంటారు. వాటాలు వేసి పంచే యజమాని వంటి ప్రోగ్రాముని హైపర్‌వైజర్ అంటారు. ఒక వాటాలో విండోస్ ఉంటుంది, మరొకదానిలో లినక్స్ ఉంటుంది. ప్రతిదీ తానొక సంపూర్ణమైన కంప్యూటరునే అనుకుంటుంది. వర్చువల్ అంటే మిథ్య అని కొందరు అర్థం చెబుతారు. యంత్రం మిథ్య అయితే కావచ్చు గానీ, అందులో రాసి ఉన్న ఫీజు బకాయిలు మిథ్య కావు కదా!

ఇది కొత్త విద్యేమీ కాదు. ఐబీఎం కంపెనీ తన పెద్ద కంప్యూటర్ల కోసం వీఎం/370 అనే వ్యవస్థను 1972లోనే ప్రకటించింది. చిన్న సర్వర్లకు ఈ పద్ధతిని దించిన వీఎంవేర్ కంపెనీ 1998లో పుట్టింది. 2007 నుంచీ లినక్స్‌లో కేవీఎం అనే పేరుతో ఈ సదుపాయం అంతర్భాగమైపోయింది. దాన్ని ఆధారం చేసుకుని వియన్నా నగరంలో తయారైన ప్రాక్స్‌మాక్స్ అనే ఉచిత వ్యవస్థ 2008లో వచ్చింది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేర్‌ను కొనేసి, ఒకసారి డబ్బు కట్టి శాశ్వతంగా వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసింది. ఆ తర్వాత చిన్న సంస్థలు చాలా ఈ ఉచిత వ్యవస్థల వైపు చూశాయి. ఏది వాడినా ఇవాళ నేను చెప్పబోయే జాగ్రత్తల్లో తేడా పెద్దగా లేదు.

పది వేర్వేరు పెట్టెలు కొనడం కంటే ఒక మంచి పెట్టె కొని వాటాలు వేసుకోవడం చవక. కరెంటు తక్కువ, ఏసీ భారం తక్కువ, స్థలం తక్కువ. ఈ లాభం నిజమైనదే. కాకపోతే పది పెట్టెలున్న రోజుల్లో ఒకటి చెడితే తొమ్మిది నడిచేవి. ఇప్పుడు ఒక్కటి చెడితే పదీ ఆగుతాయి. సర్వరు చూసుకునే మనిషి పనంతా ఈ ఒక్క సంగతిలోంచే పుడుతుంది.

మెమరీతో మొదలుపెడదాం. మీ పెట్టెలో 128 గిగాబైట్ల మెమరీ ఉందనుకోండి. ఒక్కొక్క వాటాకి 12 చొప్పున పదింటికి 120 ఇచ్చారు. మిగిలిన 8 ఇంటి యజమానికి, అంటే హైపర్‌వైజర్‌కి. ఇంతవరకూ లెక్క సరిపోయింది. ఒకరోజు అకౌంట్సువారు వచ్చి "మా డేటాబేసు నెమ్మదిగా ఉంది, ఇంకో 16 ఇవ్వండి" అంటారు. మీరు అంకె మార్చి సరేనంటే యంత్రం చాలాసార్లు కాదనదు. వాటాలన్నీ తమకిచ్చినదంతా ఒకేసారి వాడవు కాబట్టి కొన్నాళ్ళు బాగానే గడుస్తుంది. అడ్మిషన్ల నెల వస్తుంది. అందరూ ఒకేసారి పనిలో దిగుతారు. మెమరీ నిండుకుంటుంది. అప్పుడు లినక్స్ తన ప్రాణం కాపాడుకోవడానికి, లోపల నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఒకదాన్ని ఎంచి చంపేస్తుంది. ఎక్కువ మెమరీ తిన్నదాని మీదే మొదట దాని కన్ను పడుతుంది. కేవీఎం పద్ధతిలో ఒక్కొక్క వాటా ఒక్కొక్క ప్రోగ్రాము కింద లెక్క. అంటే అన్నిటికంటే పెద్ద వాటా, చాలాచోట్ల ఆ డేటాబేసు వాటాయే, చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. అకౌంట్సువారు అడిగిన అదనపు మెమరీయే దాని మెడకు చుట్టుకుందన్నమాట. అందుచేత, మెమరీని అప్పు మీద పంచకండి. ఉన్నదెంతో అంతే పంచి, యజమాని వాటా వదలండి.

ప్రాసెసరు విషయంలో అంత కట్టుదిట్టం అక్కరలేదు. అది చెరువు కింద వంతుల నీళ్ళ వంటిది. ఒకరు వాడనప్పుడు ఇంకొకరికి పారుతుంది. ఉన్న కోర్లకు రెండు మూడు రెట్లు వాగ్దానం చేసినా మామూలు ఆఫీసు పనికి నడుస్తుంది. అడిగినవారికల్లా పదేసి కోర్లు రాసివ్వడం మటుకు తెలివైన పని కాదు. వంతు కోసం కాచుకోవడం ఎక్కువై, పని నెమ్మదిస్తుంది.

అసలు ప్రమాదం డిస్కుది. ప్రతి వాటాకీ 500 గిగాబైట్లు అని రాసిస్తారు. పదింటికి 5 టెరాబైట్లు కావాలి. లోపల నిజంగా ఉన్నది 3 టెరాబైట్లే. ఎవరెంత వాడితే అంతే తీసుకునే ఏర్పాటు ఒకటి ఉంది కనుక ఇది సాధ్యమవుతుంది. బ్యాంకువాళ్ళు చేసే పని వంటిదే ఇది. డిపాజిటుదారులంతా ఒకేరోజు రారన్న ధైర్యం. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. వాటా లోపల పాత ఫైళ్ళు చెరిపేసినంత మాత్రాన ఆ స్థలం యజమానికి తిరిగి రాదు. ఖాళీ అయిందని పైకి కబురు చెప్పే ఏర్పాటు ప్రత్యేకంగా చేసి ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే వాటాలో 100 గిగాబైట్లే వాడుతున్నట్టు కనిపిస్తుంది, కింద అసలు డిస్కు మీద 400 ఆక్రమించి ఉంటుంది. ఇలా పెరిగి పెరిగి డిస్కు నిండిన రోజున, కొత్తగా రాసుకోబోయిన ప్రతి వాటా ఉన్నచోట నిలిచిపోతుంది. రాస్తూ రాస్తూ ఉండగా ఆగిన డేటాబేసు మళ్ళీ సరిగ్గా లేస్తుందన్న హామీ లేదు. డిస్కు 70 శాతం నిండగానే ఒక హెచ్చరిక, 85కి ఇంకొకటి మీ ఫోనుకి వచ్చేలా పెట్టుకోండి. ఆ హెచ్చరిక ఈమెయిలు పంపే ప్రోగ్రాము అదే పెట్టెలో ఉండకూడదు సుమా!

స్నాప్‌షాట్ అని ఒక సౌకర్యం ఉంది. ఒక వాటా ఈ క్షణాన ఎలా ఉందో గుర్తుపెట్టుకోమని చెప్పడం. కొత్త వెర్షను వేసే ముందు స్నాప్‌షాట్ తీసి, చెడితే వెనక్కి రావచ్చు. చాలా మంచిది. దీన్ని చాలామంది బ్యాకప్ అనుకుంటారు. కాదు. అది అదే డిస్కు మీద, అదే పెట్టెలో ఉంటుంది. గోడ మీద రాసిన లెక్కకి పక్కనే అదే గోడ మీద నకలు రాసుకున్నట్టు. పైగా తీసి మరచిపోతే రోజురోజుకీ లావెక్కి, ఇందాక చెప్పిన డిస్కు నిండే ప్రమాదాన్ని అదే తెస్తుంది. 72 గంటలకు మించి స్నాప్‌షాట్‌ని ఉంచవద్దని వీఎంవేర్ వారే సలహా ఇచ్చారు. అలాగే రెండు మూడు డిస్కుల్ని కలిపి ఒకటి పోయినా నడిచేలా కట్టే రెయిడ్ పద్ధతి కూడా బ్యాకప్ కాదు. డిస్కు చెడితే రెయిడ్ కాపాడుతుంది. ఎవరో పొరపాటున ఒక టేబుల్ చెరిపేస్తే, ఆ చెరిపివేతను అది అన్ని డిస్కుల మీదా నమ్మకంగా అమలు చేస్తుంది.

కరెంటు మాట మన ఊళ్ళలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. యూపీఎస్ ఉందన్న ధీమాతో చాలామంది ఊరుకుంటారు. అది ఎంతసేపు నిలుస్తుందో గడియారం పట్టుకుని చూసినవారు తక్కువ. వేడి గదిలో పెట్టిన బ్యాటరీ కొన్ననాటి బలంతో ఎన్నో ఏళ్ళు ఉండదు. యూపీఎస్‌కీ సర్వరుకీ మధ్య ఒక చిన్న తీగ వేసి, బ్యాటరీ సగానికి రాగానే వాటాలు వరుసగా ఆగేలా ఏర్పాటు చేయాలి. ముందు అప్లికేషన్లు, తర్వాత డేటాబేసు, ఆఖరికి యజమాని. ఈ పని చేసే ఉచిత ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. లేచేటప్పుడు వరుస తలకిందులు. పేర్లు, పాస్‌వర్డులు చూసే వాటా మొదట లేవాలి, తర్వాత డేటాబేసు, దాని మీద ఆధారపడినవి ఆ తర్వాత.

ఇక్కడే ఒక తమాషా చిక్కు వస్తుంది. హైపర్‌వైజర్‌లోకి వెళ్ళడానికి కావలసిన పాస్‌వర్డు, లోపలి వాటా ఒకటి సరిచూసి ఒప్పుకుంటేనే పనిచేసేలా కొందరు పెడతారు. కరెంటు పోయి వచ్చాక ఆ వాటా ఇంకా లేవలేదు. లేపాలంటే లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్ళాలంటే అది లేవాలి. పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేసుకోవడం అంటే ఇదే. యజమానికి సొంత పాస్‌వర్డు ఒకటి, దేని మీదా ఆధారపడనిది, కాగితం మీద రాసి సీలు వేసి ప్రిన్సిపాలు బీరువాలో ఉంచండి.

గడియారం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక వాటాని కాసేపు నిద్రపుచ్చి లేపితే దాని గడియారం వెనకబడుతుంది. రసీదు మీద తప్పు సమయం పడుతుంది. మన దేశంలో సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో ఇది కూడా ఉంది. గడియారాలు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయంతో సరిపోవాలి. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారన్న చిట్టాలు 180 రోజులు దాచాలి. చొరబాటు ఏదైనా జరిగితే తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి.

చొరబాటు అన్నాను కనుక ఆ సంగతికే వస్తాను. హైపర్‌వైజర్ తలుపు తెరిచినవాడికి లోపలి పది తలుపుల తాళాలతో పని లేదు. డిస్కులనే మూటకట్టి తాళం వేసేస్తాడు. 2023 ఫిబ్రవరి మొదటి వారంలో ఇదే జరిగింది. అనేక దేశాల్లో వేలకొద్దీ వీఎంవేర్ సర్వర్ల మీద దొంగలు పడి, వాటాల ఫైళ్ళను చదవరాకుండా చేసి డబ్బు అడిగారు. వాళ్ళు దూరారని చెప్పిన కన్నం రెండేళ్ళ నాటిది. దాన్ని పూడ్చే మరమ్మతును కంపెనీవారు 2021 ఫిబ్రవరిలోనే విడుదల చేశారు. వేయనివారు వేయలేదు. ఎందుకు వేయలేదో ఊహించడం కష్టం కాదు. యజమానికి మరమ్మతు చేయాలంటే సాధారణంగా పెట్టెను ఒకసారి ఆపి లేపాలి. అంటే పది వాటాలూ ఆగాలి. ఆ ఒక్క గంటకు ఒప్పుకునే ఆఫీసరు దొరకడు. సెక్రటరీలకూ ప్రిన్సిపాళ్ళకూ నా విన్నపం ఇదే. నెలకొక ఆదివారం ఉదయం రెండు గంటలు మీ సర్వరు మనిషికి రాసివ్వండి. ఆ రెండు గంటల్లో ఏదీ పనిచేయకపోయినా అతన్ని నిలదీయకండి. ఇక హైపర్‌వైజర్ తలుపు బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉండనే కూడదు. విద్యార్థులు వాడే నెట్‌వర్కు నుంచి కూడా అది కనబడకూడదు.

ఇప్పుడు రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది మన ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రి. 2022 నవంబరు 23న అక్కడి సర్వర్ల మీద దాడి జరిగింది. 5 సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటా చదవరాకుండా పోయిందని, నెట్‌వర్కును సరిగా విడదీయకపోవడం ఒక కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఓపీ చీట్ల దగ్గర్నుంచి అంతా చేత్తో రాయవలసి వచ్చింది. కానీ ఈ-హాస్పిటల్ డేటా దెబ్బతినని ఒక బ్యాకప్ సర్వరు మీద మిగిలి ఉంది. దాని నుంచి కొత్త సర్వర్లలోకి ఎక్కించుకుని, రెండు వారాల తర్వాత రోగుల నమోదు, అడ్మిషను, డిశ్చార్జి వంటి చాలా పనులు మళ్ళీ మొదలుపెట్టగలిగారు.

రెండోది డెన్మార్కులోని క్లౌడ్‌నార్డిక్ అనే కంపెనీ. ఇతరుల సర్వర్లను తన దగ్గర ఉంచుకుని నడపడమే దాని వ్యాపారం. 2023 ఆగస్టు 18న దాడి జరిగింది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి సర్వర్లను మారుస్తూ, అప్పటికే రోగం తగిలిన యంత్రాలను తెలియక తమ లోపలి నెట్‌వర్కుకి కలిపారట. ఆ దారిన దొంగలు అన్ని సర్వర్లనూ నడిపే కేంద్ర వ్యవస్థలోకి, అక్కణ్ణుంచి బ్యాకప్‌ల్లోకి వెళ్ళారు. మొదటి బ్యాకప్ పోయింది, రెండో బ్యాకప్పూ పోయింది. అడిగిన డబ్బు తాము ఇవ్వలేమనీ, ఇవ్వబోమనీ కంపెనీ చెప్పింది. తమ ఖాతాదారుల్లో ఎక్కువమంది డేటా మొత్తం పోయినట్టేనని కంపెనీయే ప్రకటించింది.

ఎయిమ్స్‌లో బ్యాకప్ దెబ్బతినలేదు, డెన్మార్కులో దెబ్బతింది. రెండుచోట్లా బ్యాకప్ ఉంది, గమనించండి. తేడా అంతా దొంగ నడిచిన దారి బ్యాకప్ దాకా వెళ్ళిందా లేదా అన్నదే. ఎప్పుడూ తీగతో కలిపే ఉండే బ్యాకప్, సర్వరుతో పాటే పోగలదు.

మన స్థాయిలో దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. రోజూ రాత్రి వాటాలన్నిటి నకలు ఇంకో చిన్న యంత్రం మీదికి వెళ్ళాలి. ఆ యంత్రానికి వేరే పాస్‌వర్డు ఉండాలి. సర్వరు దాన్ని ఆజ్ఞాపించడం కాక, అదే వచ్చి సర్వరు నుంచి నకలు లాక్కుని వెళ్ళేలా ఉండాలి. అప్పుడు సర్వరులోకి దూరినవాడికి అటు దారి దొరకడం కష్టం. ఇది కాక, బయటి హార్డ్ డిస్కులు రెండు కొనండి. ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి. నకలు అయిపోగానే తీగ ఊడదీసి, ఆ డిస్కుని వేరే భవనంలో ఉంచండి. వేరే గదిలో కాదు, వేరే భవనంలో. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా కేంద్రం ఒకటి తగలబడిపోయింది. బ్యాకప్ కూడా ఆ ఆవరణలోనే ఉంచుకున్నవారిలో కొందరికి రెండూ బూడిదయ్యాయి. డేటాబేసు ఉన్న వాటా నకలు తీసేటప్పుడు, ఒక్క క్షణం రాయడం ఆపి నిలకడగా ఉండమని ముందుగా దానికి చెప్పే చిన్న సహాయక ప్రోగ్రాము లోపల వేసి ఉందో లేదో చూసుకోండి. అది లేకుండా తీసిన నకలు, నడుస్తూండగా కరెంటు పోయిన యంత్రం లాగే లేస్తుంది. లేవవచ్చు, లేవకపోవచ్చు.

ఇక ఆఖరి మాట, చాలామంది చేయని పని. తీసిన నకలు నుంచి యంత్రాన్ని మళ్ళీ నిలబెట్టి చూడటం. "బ్యాకప్ సక్సెస్" అని రోజూ ఉదయం వచ్చే పచ్చ అక్షరాలు నకలు తీశామనే చెబుతాయి. అది పనికొస్తుందని చెప్పవు. మూడు నెలలకొకసారి ఒక వాటాని ఎంచుకుని, బయటికి దారి లేని వేరే నెట్‌వర్కులో పైకి లేపి చూడండి. అలా కాకపోతే అసలు వాటా, నకలు వాటా రెండూ ఒకే పేరుతో ఊళ్ళోకి వచ్చి తగవులాడుకుంటాయి. లేచాక లోపలికి వెళ్ళి నిన్నటి రసీదు ఒకటి తీసి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. సెకనుకి ఒక గిగాబిట్ పోయే మామూలు తీగ మీద 2 టెరాబైట్లు తిరిగి తెచ్చుకోవడానికి, అంతా సవ్యంగా సాగినా, 5 గంటలు పడుతుంది. పది వాటాలకీ కలిపి ఎంతవుతుందో ముందే లెక్క వేసి, ప్రిన్సిపాలుగారికో డాక్టరుగారికో కాగితం మీద ఇవ్వండి. ఏ వాటా ముందు లేవాలో వాళ్ళ చేతే సంతకం చేయించుకోండి. దాడి జరిగిన రోజున అందరూ ఒకేసారి నాదే ముందు అంటారు.

ఆ కాగితం వెనక వైపు వాటాల పేర్లు, ఒక్కొక్కదానికి ఇచ్చిన మెమరీ, డిస్కు, చిరునామా అంకెలు, లేపవలసిన వరుస, వారంటీ తేదీ, యూపీఎస్ బ్యాటరీ మార్చిన తేదీ రాయండి. అక్కడి ఆఫీసు భాషలో, కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, ఒక ప్రతి రాయండి. మీరు సెలవులో ఊరెళ్ళినప్పుడు ఆ గది తలుపు తీసేది బహుశా తెలుగు చదవడం రానివారే. ఆ ప్రతిని గది తలుపుకి లోపలి వైపున అతికించండి. పాస్‌వర్డు మాత్రం దాని మీద రాయకండి.